గెలిచిన పిల్ల చేతికి చెక్క ఏనుగు

విజయవాడలో ఏదైనా పెద్ద ఓపెన్ చెస్ టోర్నమెంటు జరుగుతున్నప్పుడు హాల్లోకి వెళ్లి, వెనక వరస నుంచి ముందుకు నడుచుకుంటూ రండి. వెనక బల్లల మీద చుట్ట చుట్టి సంచుల్లో తెచ్చుకున్న రెగ్జిన్ బోర్డులు, ప్లాస్టిక్ పావులు. ముందుకొచ్చేకొద్దీ ఆటగాళ్ల రేటింగ్ పెరుగుతుంది, గుసగుసలు తగ్గుతాయి. స్టేజీ ముందు తాడు కట్టిన చోట, గేములు ఆన్‌లైన్‌లో లైవ్ వెళ్లే మొదటి కొన్ని బోర్డులు మాత్రం చెక్కవి. పావులూ చెక్కవే. అడుగున బరువు, దాని కింద ఫెల్టు గుడ్డ. గుర్రాన్ని ఎత్తి పెడితే చప్పుడు కూడా మెత్తగా ఉంటుంది.

స్విస్ పద్ధతిలో గెలిచినవాళ్లు గెలిచినవాళ్లతో ఆడుతూ పైబోర్డులకు వస్తారు. అందుకే పిల్లల లెక్కలో ప్లాస్టిక్ నుంచి చెక్కకు రావడమంటే పైకి రావడమే. "బాబాయ్, ఈ రౌండు నాకు చెక్క బోర్డు మీద పడింది" అని మా అన్నయ్య కూతురు ఒకసారి ఫోన్ చేసి చెప్పింది. ఆ గేము ఓడిపోయింది కూడా. అయినా ఆ రోజంతా ఆ ముచ్చటే.

సాయంత్రం బహుమతుల టైముకు ఇదంతా తలకిందులవుతుంది. ముఖ్య అతిథి పక్కన తెల్ల గుడ్డ పరిచిన బల్ల. దాని మీద వరసగా బంగారు రంగు పూసిన ప్లాస్టిక్ కప్పులు. పొద్దుటి నుంచి చెక్క వైపు ఎక్కుతూ వచ్చిన పిల్ల చేతిలో మళ్లీ ప్లాస్టికే పెట్టి పంపిస్తాం.

మా అన్నయ్య కూతురికి అండర్-11లో మూడో బహుమతిగా వచ్చిన కప్పు వాళ్లింట్లో బీరువా మీద ఉంది. మొన్న దించి చూశాను. మోచెయ్యంత పొడవు. మధ్యలో గొట్టం, పైన రెక్కలు చాపిన ఓ మనిషి బొమ్మ. అది చెస్‌కు ఇచ్చిందో, కబడ్డీకి ఇచ్చిందో, డాన్సుకు ఇచ్చిందో చూసి చెప్పలేం. టోర్నమెంటు పేరు స్టిక్కర్ మీద ఉంది, దాని మూల అప్పుడే లేచిపోయింది. వేలితో రుద్దితే బంగారు పూత పొట్టులా రాలి లోపలి తెల్ల ప్లాస్టిక్ బయటపడింది. అడుగున బోల్టు వదులై, కప్పు ఓ పక్కకు వాలి ఉంది. గెలిచి ఏడాది కూడా కాలేదు. ఆ పిల్ల ఆ రోజు ఏడు రౌండ్లు ఆడింది. చివరి గేములో గడియారం మీద పది సెకన్లు కూడా లేనప్పుడు బంటును ఎనిమిదో గడికి చేర్చింది. ఆ పది సెకన్లకు ఇదా గుర్తు?

నా మాట సూటిగా చెబుతాను. విజయవాడ, గుంటూరుల్లో జరిగే చెస్ పోటీల్లో ట్రోఫీలు చెక్కవి కావాలి. చేత్తో చేసినవి కావాలి. మన పక్క ఊళ్ల చేతులు చేసినవి కావాలి.

ఈ రెండు ఊళ్లకూ చెస్‌కూ ఉన్న అనుబంధం పాఠకులకు తెలిసిందే. గుంటూరులో పుట్టిన హరికృష్ణ 2001లో చెస్‌లో అత్యున్నత హోదా అయిన గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. గుడివాడలో పుట్టి విజయవాడ నుంచి ఆడిన హంపి 2002లో పదిహేనేళ్లకే ఆ హోదా అందుకుంది, 2019లో ఒకసారి, 2024లో మరోసారి మహిళల ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ టైములో ఆడే చెస్) టైటిల్ తెచ్చింది. గుంటూరు అమ్మాయే అయిన హారిక 2011లో గ్రాండ్‌మాస్టర్ అయింది. దేశాల జట్లు తలపడే చెస్ ఒలింపియాడ్‌లో, 2024లో బుడాపెస్ట్‌లో మన దేశం రెండు స్వర్ణాలూ గెలిస్తే ఓపెన్ విభాగం జట్టులో హరికృష్ణ, మహిళల జట్టులో హారిక ఉన్నారు. ఇంత చరిత్ర ఉన్న చోట ట్రోఫీ అంటే ఎక్కడైనా దొరికే కప్పేనా అన్నదే నా బాధ.

నిర్వాహకుల వైపు నుంచి కూడా ఆలోచించాను. వాళ్ల ఇబ్బంది నిజమే. ఎంట్రీ ఫీజులతో హాలు అద్దె, ఆర్బిటర్ల (చెస్ అంపైర్ల) ఖర్చు, నగదు బహుమతులు అన్నీ సర్దుకోవాలి. కేటగిరీలు చూస్తే అండర్-7 నుంచి వెటరన్ దాకా పెరిగిపోయాయి, ఒక్కోదానికి పదేసి కప్పులు. ఫోన్ చేస్తే రెండు రోజుల్లో అట్టపెట్టెల్లో దిగిపోయే ప్లాస్టిక్ కప్పు వాళ్లకు సులువు. తల్లిదండ్రులు కూడా ఫొటోలో పొడుగ్గా మెరిసేది కావాలంటారు. దీనికి నా జవాబు ఒకటే, సంఖ్య తగ్గించండి. మొదటి ముగ్గురికి చెక్క ట్రోఫీ, మిగతావాళ్లకు పతకం, సర్టిఫికెట్ చాలు. పది మందికి పంచే డబ్బు ముగ్గురి మీద పెడితే వస్తువు తీరే మారిపోతుంది. పొడుగు సంగతంటారా, పోటీల్లో వాడే చెస్ రాజు ఎత్తే తొమ్మిదిన్నర సెంటీమీటర్లు. అంత చిన్న బొమ్మ కోసం మనుషులు అయిదు గంటలు కదలకుండా కూర్చుంటారు.

ఇక అసలు విషయానికి వస్తాను. చెస్ సెట్టు ఎలా తయారవుతుందో ఒకసారి చూడండి. ఇవాళ ప్రపంచమంతా ఆడే స్టాంటన్ పావులు 1849లో లండన్‌లో అమ్మకానికి వచ్చాయి. వాటిలో రాజు, మంత్రి, బంటు లాంటివి గుండ్రటి పావులు. చెక్కను లేత్ (కర్రను గిరగిరా తిప్పే యంత్రం) మీద తిప్పితే వాటి ఒళ్లు వచ్చేస్తుంది. గుర్రం తల మాత్రం లేత్‌కు లొంగదు. ఆ మెడ వంపు, జూలు, ముక్కు రంధ్రాలు ఉలి పట్టిన మనిషే తీయాలి. అందుకే మంచి సెట్టు కొనేవాళ్లు ముందు గుర్రాన్నే చేతిలోకి తీసుకుని చూస్తారు. మన దేశంలో ఈ పనికి అమృత్‌సర్ పేరుపడింది. అక్కడి గుర్రాలు ప్రపంచమంతా తిరుగుతున్నాయి.

అంటే చెస్‌కు కావలసినవి రెండు విద్యలు. ఒకటి తిప్పి చేసేది, రెండోది చెక్కి చేసేది. ఈ రెండూ మన రాష్ట్రంలోనే ఉన్నాయి! ఎలమంచిలి దగ్గర ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద తిప్పి బొమ్మలు చేస్తారు. తిరుగుతున్న కర్రకు రంగు లక్క కడ్డీని ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి చెక్కకు పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా నిగారింపు వస్తుంది. పైపైన పూసిన పూత కాదు కాబట్టి వేలితో రుద్దినా రాలదు. బంటు, రాజు, మంత్రి ఆకారాల ట్రోఫీలు ఆ లేత్ మీద ఎంత అందంగా వస్తాయో ఊహించుకోండి.

రెండో విద్య మన గుమ్మంలోనే ఉంది. గొల్లపూడి, ఇబ్రహీంపట్నం దాటితే కొండపల్లి. బొమ్మల కాలనీలో ఏ ఇంటి వసారా ముందు నిలబడినా పని కళ్లముందే జరుగుతుంటుంది. నేను వెళ్లిన రోజు ఓ పెద్దాయన కాళ్ల మధ్య తెల్ల పొణికి ముక్క బిగించుకుని ఏనుగు వెన్ను తీస్తున్నాడు. పొణికి తేలిక చెక్క, మెత్తన. ఉలి ఆనిస్తే వెన్నలా చెక్కుతుంది. ముందే ఎండబెట్టి, వేడికి కాచి, తడంతా పోగొట్టుకున్న ముక్క అది. ఒళ్లు ఒక ముక్క, తొండం ఒక ముక్క, చెవులు వేరు, పైన అంబారీ వేరు. వాటిని చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి నూరిన మక్కుతో అతికిస్తారు. అతుకు మీద ఆయన బొటనవేలు ఒకసారి అలా జారింది, అంతే. ఎక్కడ అతికిందో నాకు కనిపించలేదు. పక్కనే వాళ్ల కోడలు సున్నం పూసి ఆరబెట్టిన ఏనుగులకు సన్న కుంచెతో కళ్లు దిద్దుతోంది. వరసలో ఆరు ఏనుగులున్నాయి. ఆరింటి చూపూ ఆరు రకాలు.

అప్పుడు తట్టిన విషయం చెబుతాను. ఇంగ్లిష్‌లో బోర్డు మూల కూర్చునే పావు కోట బురుజు. మన దగ్గర అది ఏనుగు. చతురంగమంటేనే ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం. అంటే కొండపల్లి వాళ్లు తరతరాలుగా చేస్తున్న ఏనుగు అంబారీ మన చదరంగంలోని పావే. కొత్త డిజైనేదీ అక్కర్లేదు. ఉన్న అంబారీ ఏనుగును నలుపు తెలుపు గళ్ల పీట మీద నిలబెట్టి, పీట అంచున టోర్నమెంటు పేరు, సంవత్సరం రంగుతో రాయిస్తే చాలు. పొణికి తేలిక కాబట్టి పీటకు ఏ నల్లతుమ్మ చెక్కో వాడితే బరువు కూడా కుదురుతుంది. గెలిచిన పిల్లకు ఏనుగు, రెండో స్థానానికి గుర్రం, మూడో స్థానానికి బంటు. బంటును తక్కువ అనుకోకండి, ఎనిమిదో గడికి వెళ్తే మంత్రి అయ్యేది అదొక్కటే.

ఆట నుంచే ట్రోఫీ పుట్టాలన్న ఆలోచన నా ఒక్కడిదే కాదు. ఫ్రాన్సులో పారిస్-రూబే సైకిల్ రేసు రాళ్లు పరిచిన పాత దారుల మీద సాగుతుంది. గెలిచినవాడికి దశాబ్దాలుగా ఇస్తున్న ట్రోఫీ ఆ దారిలో పరిచే రాయే. అలసిపోయి, ఒళ్లంతా దుమ్ము కొట్టుకున్న మనిషి ఆ బండరాయిని తల మీదికి ఎత్తే ఫొటో చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. 2024 పారిస్ ఒలింపిక్స్ పతకాల్లో ఒక్కోదానిలో 18 గ్రాముల ఈఫిల్ టవర్ ఇనుము పొదిగారు. ఆ ఊరిని గెలిచినవాళ్ల మెడలో వేశారన్నమాట. పారిస్‌కు ఇనుము ఎలాగో మనకు పొణికి అలాగ.

ఇక్కడ చెస్‌ను దాటి ఒక మాట అనాలి, ఎందుకంటే నన్ను ఎప్పటి నుంచో తొలిచేస్తున్న విషయం అదే. మన చేతిపనుల మీద మనకున్న ప్రేమంతా శాలువా ప్రేమ. మంత్రిగారు వస్తే కొండపల్లి దశావతారాలు, పైఅధికారి బదిలీ అయితే బొబ్బిలి చిన్న వీణ, ఎగ్జిబిషన్ పెడితే ఏటికొప్పాక స్టాలు. ఏటికొప్పాక లక్క బొమ్మల కృషికి సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది, గర్వపడ్డాం. కొండపల్లికీ ఏటికొప్పాకకూ భౌగోళిక గుర్తింపు ఉంది, పేపర్లలో రాసుకున్నాం. కానీ బొమ్మ చేసే ఇంటికి కావలసింది వచ్చే నెల ఆర్డరు. ఆ తర్వాతి నెల ఇంకో ఆర్డరు. పది కాకపోతే ముప్పై బొమ్మలు, అడ్వాన్సు ఇచ్చి, చెప్పిన తేదీకి పట్టుకెళ్లే మనిషి.

దసరాకు, సంక్రాంతికి బొమ్మల కొలువు ఉంటుంది కాబట్టి అప్పుడు కొనేవాళ్లు వస్తారు. ఆ కొలువులు పెట్టే ఇళ్లు కూడా అపార్టుమెంట్లలోకి మారాక తగ్గుతూ వస్తున్నాయి, చూస్తూనే ఉన్నాం. కొడుకు ఇంజనీరింగ్ చదివి హైదరాబాద్ పోతే తండ్రి ఉలి ఎవరు పట్టాలి? పట్టమని ఆ కుర్రాడికి చెప్పే హక్కు ఏడాదికో బొమ్మ కూడా కొనని మనకు లేదు. ఏడాది పొడవునా పని ఉంటుందని కనిపిస్తే వాడే ఆలోచించుకుంటాడు. చెస్ టోర్నమెంట్లకు సీజనంటూ లేదు. ఎండాకాలం సెలవుల్లో అయితే ఒక్కో వారాంతం ఒక్కోచోట. కొలువుల అమ్మకాలు లేని నెలల్లో వచ్చే ఆర్డర్లివి. చెస్ మొదలుపెడితే క్యారమ్స్, షటిల్, స్కూలు క్విజ్ కూడా వెనకే వస్తాయి. పొణికి చెట్టు సంగతీ దీనితోనే ముడిపడి ఉంది. కొండపల్లి కొండల్లో ఆ కర్ర దొరకడం కష్టమైందని కళాకారులు ఎప్పటి నుంచో మొత్తుకుంటున్నారు. కర్రకు గిట్టుబాటు ఉంటేనే గట్ల మీద, బీళ్లలో ఆ మొక్క నాటే రైతు ఉంటాడు.

పదేళ్ల పిల్లలకు ఇవన్నీ తెలియాల్సిన పనిలేదు. కానీ ఆ వయసులో చేతిలోకి వచ్చిన వస్తువు మనసులో ఉండిపోతుంది. కొండపల్లి నుంచి వస్తూ ఓ చిన్న ఏనుగును కొని మా అన్నయ్య కూతురికి ఇచ్చాను. ఏ టోర్నమెంటూ గెలిచినందుకు కాదు, ఊరికే. దాన్ని తిప్పి తిప్పి చూసి, పొట్ట కింద రంగు అందని చోట వేలు పెట్టి, "ఇక్కడ చెక్క కనిపిస్తోంది బాబాయ్" అంది. ఎవరు చేశారని అడిగింది. ఆ పెద్దాయన గురించి చెప్పాను. బంగారు కప్పు వచ్చిన రోజు అది ఎవరు చేశారని ఆ పిల్ల అడగలేదు. ఇప్పుడు ఆ ఏనుగు చెస్ బ్యాగులో, స్కోరుషీట్ల పక్కన తిరుగుతోంది. కప్పు బీరువా మీదే ఉంది.

విజయవాడ, గుంటూరుల్లో టోర్నమెంట్లు నడిపేవాళ్లను నేను అడిగేది ఒక్క పోటీ. ఒక్కసారి, ఒక్క కేటగిరీకి, ముగ్గురికి చేయించి చూడండి. కాకపోతే రెండు రోజుల ముందు ఫోన్ చేస్తే కుదరదు. కర్ర ఆరాలి, మక్కు ఆరాలి, సున్నం ఆరాలి, రంగు ఆరాలి. సంక్రాంతి సెలవుల టోర్నమెంటుకు ఏనుగు కావాలంటే దసరా వెళ్లగానే కొండపల్లి వెళ్లి అడ్వాన్సు ఇచ్చి రావాలి.