ఎర్ర ఆల్బమ్ వారికి సగం కుశలోపరి

మహారాజరాజశ్రీ ఇంగ్లండు పాటల బృందం బీటిల్స్ వారి హిట్ పాటల సంకలనమైన ఎర్ర ఆల్బమ్ గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గాని, తమరి ఉభయ డిస్కుల్లో ఒక్కటే మా ఇంటికి దయచేసింది కనుక సగం కుశలమే అడగగలను.

మొన్న ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, ఎంసెట్ గైడ్ల గుట్టకూ పాత వారపత్రికల కట్టకూ నడుమ తమరి దర్శనమైంది. 400 చెప్పిన ధరను 300కు దించిన సంబరంలో సీడీ కేసు తెరిచి చూడడం మరిచాను. ఇంటికి వచ్చి మూత తీస్తే, రెండో డిస్కు ఉండవలసిన చోట పళ్లు విరిగిన ప్లాస్టిక్ బిళ్ల మాత్రమే ఉంది. మళ్లీ ఎండలో పడి వెళితే, "ఒకటైతే ఉంది కద సార్, పాడుతది" అన్నాడు అమ్మినాయన.

ఆయనను ఏమీ అనను, తప్పు తమరిది. 1973లో తమరు రెండు ఎల్పీలుగా పుట్టడంలో న్యాయముంది, రికార్డుకు ఒక్కో వైపు పట్టేది అంతంతమాత్రమే కనుక. కానీ 1993లో సీడీగా మళ్లీ జన్మించినప్పుడు, 26 పాటలూ కలిపి గంటకు కాస్త ఎక్కువ నిడివిగల తమరు, 74 నిమిషాలు పట్టే ఒక్క డిస్కులో కాళ్లు చాపుకొని పడుకోవచ్చు గదా? సింగిల్ బిర్యానీని రెండు డబ్బాలకు సర్ది ఫ్యామిలీ ప్యాక్ ధర తీసుకునే హోటలును మా ఊళ్లో ఎవరూ క్షమించరు.

1970లో విడిపోయి కోర్టుకెక్కిన నలుగురిని అట్ట మీద 1963 నాటి మెట్లపై నవ్విస్తూ నిలబెట్టడం సరే, పెళ్లి ఆల్బమ్ దాచుకున్నట్లు అనుకుందాం. ఆ నలుగురిలో ఒకరైన జార్జ్ హారిసన్ రాసిన పాట ఒక్కటీ లేని లోటును పూడ్చుకోవడానికి 2023 దాకా, అంటే 50 ఏళ్లు, పట్టించుకోకపోవడమూ సరే. కానీ ఆయన సితార్ మీటిన "నార్వేజియన్ వుడ్" కోసమే కదా నేను ఎండలో పడి తిరిగింది! అది పోయిన డిస్కులో ఉంది. ఆ డిస్కులో మొదటి పాట పేరు "హెల్ప్". ఎవరిని పిలవమంటావు? ఒక్క డిస్కుగా వచ్చి ఉంటే నీ సొమ్మేం పోయేది? సగం ఖాళీ పళ్లేలు రెండు అమ్మడానికి సిగ్గుండక్కరలేదా?

క్షమించాలి, తమరు.

ఇది రాస్తుండగా "యెస్టర్డే" ముగిసి ప్లేయర్ ఆగింది. లేచి మళ్లీ మొదటి పాట నుంచి పెట్టి వచ్చాను.

ఇట్లు,
తమరి సగం శ్రోత,
హైదరాబాదు.