వసంతాన్ని మింగిన కుందేలు

చైనా పౌర వ్యవహారాల మంత్రిత్వ శాఖను తలచుకుంటే నాకు జాలేస్తుంది. 2023లో అక్కడ 76.8 లక్షల జంటలు పెళ్లి నమోదు చేసుకున్నాయి. 2024లో 61.06 లక్షలే. ఇళ్ల ధరలని, ఉద్యోగాల్లేవని, పెళ్లీడు పిల్లలే తగ్గిపోయారని నిపుణులు కారణాలు చెప్పారు. నిపుణులన్నాక ఏదో ఒకటి చెప్పాలి కదా. అసలు దోషి కుందేలు.

ఊరికే నింద వేయడం లేదు. చైనా పంచాంగంలో నెలలు చంద్రుడివి, రుతువులు సూర్యుడివి. వసంతారంభాన్ని లీచున్ అంటారు. సూర్యుడి లెక్క కనుక అది ఏటా ఫిబ్రవరి 4కు అటూ ఇటూగా వచ్చి తీరుతుంది. కొత్త సంవత్సరం అలా కాదు, చంద్రుణ్ణి బట్టి జనవరి చివర్నుంచి ఫిబ్రవరి మూడోవారం దాకా ఎప్పుడైనా రావచ్చు. అక్కడ ఏళ్లకు వరసగా పన్నెండు జంతువుల పేర్లు. 2023 జనవరి 22న మొదలైన కుందేలు సంవత్సరంలో అధికమాసం పడింది. ఆ సందున అది మరుసటి ఫిబ్రవరి 9 దాకా సాగి, రెండు లీచున్‌లను కడుపులో వేసుకుంది. మర్నాడు గద్దెనెక్కిన డ్రాగన్‌కు దక్కినవి 354 రోజులు, సున్నా వసంతాలు. వెనక వచ్చిన పామైనా దయ తలచిందా అంటే, దానికీ అధికమాసమే! 384 రోజులు, రెండు వసంతాలు. వసంతం లేని ఏడాదిని అక్కడివారు వితంతు సంవత్సరం అంటారు. ఆ ఏడాది పెళ్లాడితే ఏమవుతుందో పేరులోనే ఉంది.

మూఢం వస్తే ఫంక్షన్ హాళ్లకు తాళాలు పడే ఊళ్లవాణ్ణి, నేను నవ్వలేను. సూర్యుడి రాశులను ఎక్కణ్ణుంచి లెక్కపెట్టాలన్న అయనాంశ తగాదా పక్కన పెడితే పద్ధతి కూడా మనదే: సంక్రమణం లేని చాంద్రమాసం మనకు అధికం, వాళ్లకూ అధికమే. అరవై ఏళ్ల చక్రమూ ఉంది. ఇప్పటిది వాళ్లకు 1984లో మొదలైంది, మన ప్రభవ 1987లో వచ్చింది. ఇందులోనూ మూడేళ్లు ముందే ఉన్నారు.

చిక్కు ఇంకొకటి. డ్రాగన్ ఏడాదిలో పుట్టిన బిడ్డది మహర్జాతకం. అందుకే కాబోలు, 2024లో జననాలు 90.2 లక్షల నుంచి 95.4 లక్షలకు పెరిగాయి. అంటే పెళ్లి వద్దు, పిల్లలు కావాలి. ఏ ప్రభుత్వం మాత్రం దీనికి దరఖాస్తు ఫారం అచ్చు వేయగలదు?

ఈ పంచాంగాన్ని దారిలో పెట్టాలని పూర్వం చాలామంది చూశారు. మింగ్ చక్రవర్తుల నాటి సర్కారు పంచాంగం అట్ట మీదే హెచ్చరిక ఉండేది: దొంగచాటుగా అచ్చు వేస్తే తల తీస్తారు, పట్టిచ్చినవారికి 50 లియాంగ్‌ల వెండి ఇస్తారు. (మన సిద్ధాంతులు ఈ వాక్యం చదవకుండా దాటేస్తే మంచిది.) 1912 జనవరి 1న గణతంత్రం గ్రెగోరియన్ క్యాలెండరుకు మారింది. జనం దాన్ని గోడకు తగిలించి, పాత పండగే చేసుకున్నారు. 1920ల చివర్లో జాతీయవాద ప్రభుత్వం పాత క్యాలెండరునే నిషేధించింది. జనం మళ్లీ పాత పండగే చేసుకున్నారు. 1967లో సాంస్కృతిక విప్లవం పండగ సెలవును ఎత్తేసింది, 1980లో అది తిరిగొచ్చింది. 2017లో ప్రభుత్వమే ఈ పంచాంగానికి జాతీయ ప్రమాణం ప్రకటించి, ప్రెషర్ కుక్కరుకు ఇచ్చినట్టు ఒక నంబరు ఇచ్చింది: జీబీ/టీ 33661. లెక్కలు కట్టేది నాన్‌జింగ్‌లోని పర్పుల్ మౌంటెన్ ఖగోళశాల.

ఆ ఖగోళశాలకే ఒక అర్జీ పెట్టి ఏటా ఒక వసంతం మంజూరు చేయించుకోమని మంత్రిగారికి సలహా ఇద్దామనుకున్నాను. లెక్క కుదరలేదు. పందొమ్మిదేళ్లకు సూర్యుడిచ్చే కోటా పందొమ్మిది లీచున్‌లే. అందులో ఏడేళ్లు రెండేసి పట్టుకుపోతాయి, ఏడేళ్లు ఖాళీ సంచితో తిరిగొస్తాయి, మిగతా ఐదింటికి ఒక్కొక్కటి. రేషన్ దుకాణం దగ్గర మనం చూడనిదేమీ కాదు.

2025 మే 10 నుంచి హుకౌ పుస్తకం (కుటుంబ నివాస నమోదు పత్రం) లేకుండానే, దేశంలో ఎక్కడైనా పెళ్లి నమోదు చేసుకోవచ్చన్నారు. ఆ ఏడాది మొదటి తొమ్మిది నెలల్లో 51.52 లక్షల పెళ్లిళ్లు, అంతకుముందు ఏడాది అదే తొమ్మిది నెలల కంటే 8.5 శాతం ఎక్కువ. సంస్కరణ ఫలితమని అధికారులు అంటారు. పాముకు రెండు వసంతాలున్నాయి కదా నాయనా అని బామ్మలు అంటారు.

2027 ఫిబ్రవరి 6న మేక వస్తోంది. లీచున్ దానికి రెండు రోజుల ముందే వెళ్లిపోతుంది, మళ్లీ వచ్చేసరికి మేక ఉండదు. పైగా మేక ఏడాది పుట్టిన పదిమందిలో తొమ్మిదిమందికి ఏదో ఒక లోటని అక్కడ సామెత. పెళ్లికీ పనికిరాదు, పురుడుకీ పనికిరాదు. మంత్రిగారు ఆ ఏడాది దీర్ఘకాలిక సెలవు పెట్టడం ఉత్తమం. క్షవరానికి, పొయ్యి కట్టడానికి, మంచం వేయడానికి ఏ రోజు మంచిదో పాత పంచాంగంలో రాసే ఉంటుంది. సెలవు చీటీ ఏ పద్దు కిందికి వస్తుందో మాత్రం ఆయన ముందే కనుక్కోవాలి.