ఒక పీట, దాని జమాఖర్చులు

కలప ధర ఇలా పెరిగిపోతున్న రోజుల్లో వడ్రంగాన్ని సరదాగా సాగించడం గిట్టుబాటవుతుందా అని కొందరు సందేహిస్తున్నారు. కొన్నేళ్ళుగా ఈ వ్యాపకంలో మునిగి, ఒక పీటను దాదాపుగా పూర్తిచేసినవాడిగా, ఈ విషయంలో నిష్పాక్షికంగా తీర్పు చెప్పే అర్హత నాకుందని సవినయంగా మనవి చేస్తున్నాను.

ముందుగా కలప పద్దు చూద్దాం. 25 మిల్లీమీటర్ల గరుకు పలకను కొని, రెండు వైపులా చిత్రిక పట్టి చదును చేసేసరికి మిగిలేది సుమారు 19 మిల్లీమీటర్లు. యంత్రపు రంపం కోసిన ప్రతిచోటా మరో 3 మిల్లీమీటర్ల వరకు పొడైపోతుంది. అంటే వెల చెల్లించిన కలపలో దాదాపు నాలుగో వంతు, వస్తువు ఆకారం కంటబడకముందే నేలమీద పొట్టుగా పరుచుకుంటుంది. గిట్టనివారు దీన్ని నష్టమంటారు. పీట చేయడమే నా ఉద్దేశమని వారు ముందే తీర్మానించుకోవడం వల్ల వచ్చిన పొరపాటు ఇది. ఇన్నేళ్ళ ఉత్పత్తిని తూకం వేస్తే, నేను ప్రధానంగా పొట్టు తయారీదారుననీ, పీట అరుదుగా వెలువడే ఉప ఉత్పత్తి మాత్రమేననీ తేలుతుంది.

పనిముట్ల పద్దు దగ్గర కాస్త నిలవాలి. గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లినీ, పిల్లికి పాల కోసం ఆవునూ తెచ్చుకున్న సన్యాసిని లోకం పరిహసిస్తుంది గాని, అతని ప్రతి నిర్ణయమూ హేతుబద్ధమైనదే. నేనూ ఒక్క ఉలితోనే మొదలుపెట్టాను. కొత్త ఉలికి పనికొచ్చే పదును ఉండదు కనుక 1000 నంబరు సానరాయినీ, అది మిగిల్చే గీతలను పోగొట్టడానికి 6000 నంబరు సానరాయినీ కొన్నాను. రుద్దగా రుద్దగా రాళ్ళకే గుంటలు పడ్డాయి కనుక, వాటిని అరగదీసి చదును చేసే లోహపు పలక ఒకటి కొన్నాను. ఉలి అంచున ఉండవలసిన 25 డిగ్రీల వాలు నా చేతిలో నిలవలేదు కనుక, ఉలిని పట్టి ఉంచే చక్రాల బిగింపు కొన్నాను. ఇక కలప దుమ్మును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. అది తెలిసి కూడా రంపం కంటే పెద్దదైన దుమ్ము పీల్చే యంత్రాన్ని కొనకపోతే కుటుంబానికి ద్రోహం చేసినట్లే కదా! ముక్కలను కదలకుండా బిగించి పట్టే క్లాంపులు మొత్తం ఎన్ని ఉండాలని ఇంట్లో అడిగినప్పుడు, ఇప్పుడున్నవాటికి మరో రెండు చాలునని ప్రతిసారీ నిజాయితీగానే చెప్పాను.

ధరల పెరుగుదల ఈ సరదాకు చేసిన మేలును మాత్రం ఎవరూ గుర్తించలేదు. కలప పొడవు దాదాపు మారదు గాని, గాలిలో తేమను బట్టి వెడల్పులో ఉబ్బుతుంది, తగ్గుతుంది. అందుకే పచ్చి పలకను ముందుగా ఆరనివ్వాలి. గాలికి ఆరబెట్టాలంటే అంగుళం మందానికి ఏడాది పడుతుందని పాత లెక్క ఒకటి చెబుతారు. గోడకు ఆనించిన పలకలను నేను ముట్టుకోనప్పుడల్లా ఈ శాస్త్రమే నన్ను ఆదుకునేది. ఇప్పుడు అర్థశాస్త్రమూ తోడైంది. కోయని పలక విలువ ఏటేటా పెరుగుతుంది, కోసిన పలకది ఆ క్షణమే పడిపోతుంది. కాబట్టి బుద్ధిమంతుడైన వడ్రంగి రంపం ఎత్తడు. పని చేయకపోవడానికి బద్ధకం తప్ప వేరే కారణం దొరకని ఇతర వ్యాపకాలతో పోలిస్తే, ఈ ఒక్క సౌకర్యానికే ఎంత ఖర్చైనా పెట్టవచ్చు.

నా పీటకు మిగిలి ఉన్న లోపం ఒక్కటే, అది ఊగుతుంది. నాలుగు కాళ్ళనూ సమం చేయడానికి ఒక్కొక్కదాన్నీ వంతులవారీగా కోస్తూ రాగా, స్టూలుగా పుట్టినది ఇప్పటికి పీట ఎత్తుకు దిగింది. మూడు కాళ్ళున్నది ఎంత వంకర నేలమీదనైనా ఊగదని జ్యామితి చెబుతుంది కనుక, నాలుగో కాలిని పూర్తిగా తొలగించాలని నిశ్చయించాను. కూర్చున్నవారు ఆ మూల వైపు వాలకుండా ఉంటే చాలు. అయితే ఆ కోతకు సన్నని పళ్ళ చేతిరంపం కావాలి. నా దగ్గరున్న మూడూ అందుకు పనికిరావు.