సముద్రంపై మీ అవగాహన: ఒకటి నుంచి ఐదు వరకు

సామర్థ్య నిర్మాణ సదస్సులు లోకానికి ప్రసాదించిన ఉత్కృష్టమైన ఆవిష్కరణ దీపప్రజ్వలన కాదు, శాలువా కాదు, జిప్పు పడని సంచి అంతకన్నా కాదు. శిక్షణకు ముందొకసారి, తర్వాతొకసారి నింపించుకునే అవగాహన పత్రం. వాతావరణ మార్పును తట్టుకోవడంలో తీరప్రాంత ప్రజలకు తోడ్పడేలా విశ్వవిద్యాలయాలను తీర్చిదిద్దుతున్నామనే ప్రతి కార్యక్రమానికీ ప్రాణం ఆ కాగితంలోనే ఉంది. ఉదయం రెండున్న అవగాహన సాయంత్రానికి నాలుగైతే, మధ్యలో వడ్డించిన భోజనంతో సహా సమస్తమూ సార్థకమైనట్టే.

ఈ పత్రం ఉప్పాడ మత్స్యకారుడి చేతికి వచ్చిన ఘట్టాన్ని ఊహించండి. 'తీరం కోత గురించి మీ అవగాహన ఎంత?' అన్నది మొదటి ప్రశ్న. ఉప్పాడ పేరు చెబితే జాందానీ చీరలు మాత్రమే గుర్తొచ్చేవారికి మనవి: అది ఏళ్ల తరబడి సముద్రం మింగుతూ వస్తున్న ఊరు. ఇళ్లూ వీధులూ కడలిపాలయ్యాయి. కాకినాడ వెళ్లే బీచ్ రోడ్డును పెద్ద తుపాను వచ్చినప్పుడల్లా కెరటాలు కోసేస్తాయి, ప్రభుత్వం మళ్లీ వేస్తుంది. జియోట్యూబులతో, అంటే ఇసుక దట్టించిన పెద్ద సింథటిక్ గుడ్డ గొట్టాలతో, కట్టిన రక్షణ గోడా నిలవలేదు. అక్కడే పుట్టి, రెండుసార్లు ఇల్లు పోగొట్టుకుని వెనక్కి జరిగిన పెద్దమనిషి ఆ ప్రశ్నను ఎవరిచేతో చదివించుకుని, నిజాయితీగా ఐదు చుట్టూ గీత గీస్తాడు.

సమన్వయకర్తకు చెమటలు పడతాయి.

"పెద్దాయనా, ఇది శిక్షణకు ముందు నింపే కాగితం. ఇప్పుడే ఐదు వేస్తే సాయంత్రం ఎంత వేస్తారు?"

"సాయంత్రం కూడా ఐదేనండి. ఈలోగా మర్చిపోతానేంటండీ, మేస్టారూ?"

"మర్చిపోవడం కాదు, పెరగాలి. పెరిగితేనే నిధులిచ్చినవారికి నివేదిక పంపగలం. ఒకటి వేయండి."

"ఒకటేస్తే నాకేమీ తెలీదని కదండీ?"

"అవును మరి. మీకు తెలిస్తే మేమెందుకు వచ్చినట్టు?"

ఆయన మర్యాదస్తుడు కాబట్టి ఐదు కొట్టేసి ఒకటి చుడతాడు. అటు తర్వాత, కిటికీలోంచి పడే ఎండకు వెలవెలబోయిన తెర మీద, 1901 నుంచి 2018 మధ్య ప్రపంచ సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగిందని ఆంగ్లంలో గంటన్నరసేపు వింటాడు. సాయంత్రం తన ఐదు తాను తిరిగి తీసుకుంటాడు. అవగాహనలో 400 శాతం వృద్ధి నమోదవుతుంది. ఆంధ్ర తీరంలో ఇంత వేగంగా మేట వేసినది మరొకటి లేదు.

ఇదంతా మార్చి నెలాఖరులోనే జరగడం యాదృచ్ఛికం కాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం కాబట్టి అప్పుడు పిలిస్తే మత్స్యకారులు తీరికగా వస్తారు. కానీ మార్చితో ఆర్థిక సంవత్సరం ముగియగానే మురిగిపోయే నిధులకు తీరిక ఉండదు కదా! అందుకని వేట మానుకుని, ఆ రోజు కూలి పోగొట్టుకుని వచ్చినవాడికి జీవనోపాధి భద్రత గురించి బోధిస్తారు.

విశ్వవిద్యాలయాలకు సామర్థ్యం అక్కర్లేదని నేననడం లేదు. 1952లోనే యూజీన్ లాఫాండ్ అనే అమెరికా శాస్త్రవేత్త ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చి, మన విద్యార్థులను నౌకాదళం ఓడలెక్కించి బంగాళాఖాతాన్ని కొలిపించాడు. ఈనాడు తీరాన్ని కొలవడానికి మనిషేడీ? రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏళ్ల తరబడి శాశ్వత నియామకాలు లేక, పాఠానికింతని తీసుకునే అతిథి అధ్యాపకులతో విభాగాలు నెట్టుకొస్తున్నాయి. ఉప్పాడ కోతలో ఆనకట్టల వెనక నిలిచిపోయిన గోదావరి ఒండ్రు పాత్ర ఎంత, కాకినాడకు ఎదురుగా సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ పెరిగి కెరటాల బలాన్ని ఇటు మళ్లించడం ఎంత, పెరుగుతున్న సముద్రమట్టం వాటా ఎంత అన్నది తేలాలంటే దశాబ్దాల కొలతలు కావాలి. వచ్చే విద్యా సంవత్సరంలో తనకు పని ఉంటుందో లేదో తెలియని అధ్యాపకుడు దశాబ్దాల కొలత మొదలుపెడతాడా? ఆ ఖాళీలు నింపకుండా, ఇల్లు కూలిన ప్రతిసారీ అప్పు చేసి వెనక్కి జరిగినవాడిని కుర్చీలో కూర్చోబెట్టి, మారిన పరిస్థితికి సర్దుకుపోవడం నేర్పుతారా? కొంచెమైనా సిగ్గుండాలి! సర్దుకుపోవడం తప్ప ఆయన జీవితమంతా చేసిందేమిటి? ఆయన దగ్గర కూర్చుని, ఏ ఏడు ఏ వీధి పోయిందో రాసుకోవలసినది మీరు. ఆయన మీ పరీక్ష రాయడమేమిటి?

నెలకొకసారి ఇద్దరు విద్యార్థులు ఉప్పాడ వచ్చి, స్థిరమైన గుర్తుల నుంచి కెరటం వరకు దూరం కొలిచి, ఆ అంకెను పంచాయతీ కార్యాలయం గోడ మీద తెలుగులో రాసి వెళ్లాలి. ఆ పనిని ఇరవై ఏళ్లు ఆపకుండా చూసుకోవడానికి జీతమున్న ఒక అధ్యాపకుడు ఉండాలి. ఇందులో ముఖ్య అతిథికి చోటు లేదు, నివేదిక అట్ట మీద వేయడానికి ఫోటో రాదు, నిధులు మార్చిలోపు ఖర్చు కావు. కనుక ఈ ప్రతిపాదన ఏ సంఘం ముందుకు వెళ్లినా మొదటి సమావేశంలోనే వీగిపోతుందని నాకు గట్టి నమ్మకం.