గ్రాడ్యుయేషన్ డే ఎవరికి సార్?

ఈ సీజన్‌లో ఫేస్‌బుక్ తెరిస్తే చాలు, నల్ల గౌన్లు, గాల్లో టోపీలు. పిల్లల ఫోటోలు ముచ్చటగానే ఉంటాయి. నా ఏడుపల్లా వెనకున్న ఫ్లెక్సీ గురించి. చీఫ్ గెస్టు నిలువెత్తున, పక్కన కరస్పాండెంట్ గారు, ఎక్కడో అడుగున బ్యాచ్ సంవత్సరం.

మొన్న మా అక్క కూతురి ఇంజినీరింగ్ కాలేజీలో పది గంటలకు ప్రోగ్రామన్నారు. ముఖ్య అతిథి పన్నెండున్నరకు దిగారు. అప్పటిదాకా షామియానా కింద, అద్దె గౌన్లలో పిల్లలు ఉడికిపోయారు. తర్వాత జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, మెమెంటోలు. ఆయన సందేశమేమిటయ్యా అంటే కలలు కనండి, కష్టపడండి, అమ్మానాన్నల్ని మరవకండి. ఆ అమ్మానాన్నలేమో చిట్టచివర ప్లాస్టిక్ కుర్చీల్లో, స్టేజీ కనపడక మెడలు చాస్తున్నారు. తీరా పిల్లల వంతు వచ్చేసరికి “తొందరగా, తొందరగా” అని తోలడమే. చేతికిచ్చిన ఫైల్లో పట్టా కూడా లేదు. ఓడీ, అంటే ఒరిజినల్ డిగ్రీ, యూనివర్సిటీ నుంచి తర్వాత వస్తుందట!

ఇంకో తమాషా, ఆ ముఖ్య అతిథి పేరు ముందు ‘డాక్టర్’. ఎవరూ పేరు వినని ఏదో విదేశీ యూనివర్సిటీ హోటల్ హాల్లో పెట్టి ఇచ్చిందట. మన దేశంలో యూజీసీ చట్టం, 1956 ప్రకారం డిగ్రీలిచ్చే హక్కు యూనివర్సిటీలకు, చట్టం ఆ అధికారమిచ్చిన సంస్థలకే ఉంది. అనుబంధ కాలేజీ ఎన్ని అంతస్తులు లేపినా గౌరవ డాక్టరేట్ ఇవ్వలేదు. శాలువాతో సరిపెట్టుకోవాల్సిందే.

గౌరవ పట్టాలే వద్దని కాదు. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గిడుగు రామమూర్తి పంతులు గారికి కళాప్రపూర్ణ అనే గౌరవ పట్టా ఇచ్చింది. సవర గిరిజనుల మధ్య తిరిగి వాళ్ల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు కూర్చిన మనిషి. అలాంటివారికిస్తే ఎవరు కాదంటారు? అటు అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ అయితే గౌరవ డిగ్రీలే ఇవ్వదు. 2005లో స్టీవ్ జాబ్స్ అక్కడ పావుగంట మాట్లాడి వెళ్లాడు. మన అతిథులు ఆ పావుగంటలోంచే ముక్కలేరుకుని ఇప్పటికీ ముప్పావుగంట లాగుతున్నారు.

దూరం దేనికి, ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం గారున్నారు. చీర చీరకూ వేలసార్లు చెయ్యి తిప్పి, నేతకు ముందు దారం చుట్టే ఆసు పోసి అమ్మ లక్ష్మి భుజం పడిపోతుంటే చూడలేక, బడిలోనే చదువాగిన ఆయన ఏళ్లతరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. పద్మశ్రీ 2017లో వచ్చింది. యంత్రం ఎక్కడ మొరాయించింది, చేతిలో డబ్బులైపోతే ఏం చేశారు, ఊళ్లోవాళ్లు ఏమన్నారు? ఇవి ఆయన నోట వింటే మెకానికల్ పిల్లలు ఫోన్లు లోపల పెట్టరూ? కానీ ఆయన్ని పిలిస్తే మేనేజ్‌మెంటుకు ఏ ఫైలు కదులుతుంది చెప్పండి!

సరే, అతిథిని మీ ఇష్టమొచ్చినవాళ్లనే పిలుచుకోండి. ముందు వరుస సోఫాల్లో మాత్రం తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టండి. ప్రతి పిల్ల పేరూ, పిల్లాడి పేరూ ఇంటిపేరుతో సహా తప్పుల్లేకుండా చదవండి. పది కొట్టగానే పట్టాలు మొదలుపెట్టేయండి. అతిథిగారు వచ్చేలోపు అయిపోతే నేరుగా భోజనాలకు తీసుకెళ్లండి.