అడుగు సెట్‌కి పాఠం ఎవరు చెబుతున్నారు?

సెప్టెంబరు వస్తే చాలు, ఇంగ్లండ్‌లోని మన తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో అదే ప్రశ్న. "మా వాడు ఇయర్ 6కి వచ్చాడండీ, ఏ సెకండరీ స్కూలు పెట్టమంటారు?" ఇయర్ 6 అంటే ప్రైమరీలో ఆఖరి ఏడు. అక్టోబరు 31లోపు కౌన్సిల్‌కి దరఖాస్తు వెళ్లిపోవాలి కనక ఆ హడావిడి ఉండాల్సిందే. జవాబులు కూడా ఏటా అవే. ఫలానా స్కూల్లో పదహారేళ్లకి రాసే జీసీఎస్ఈ పరీక్షల్లో ఇంతమందికి అన్నిటికంటే పై గ్రేడు 9లు వచ్చాయి, ఫలానాది తనిఖీలో అవుట్‌స్టాండింగ్, ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకునే ఫలానా గ్రామర్ స్కూలుకైతే ఇయర్ 4 నుంచే ట్యూషన్ పెట్టాలి. ఇంగ్లండ్ మొత్తం మీద ఉన్నవే 163 గ్రామర్ స్కూళ్లు. మన గ్రూపు చదివితే మాత్రం వీధికొకటి ఉన్నట్టే ఉంటుంది.

ఇన్నేళ్లలో "ఆ స్కూలు నడిపే వాళ్లెవరు, ఎలాంటి వాళ్లు?" అని అడిగిన మనిషి నాకు కనబడలేదు. నేనూ అడగలేదు లెండి. మా పిల్లల స్కూల్లో నాలుగేళ్లు పేరెంట్ గవర్నర్‌గా, అంటే స్కూలు పాలక మండలిలో తల్లిదండ్రుల ప్రతినిధిగా, కూర్చున్నాకే ఆ ప్రశ్న తట్టింది. మిగతావన్నీ ఆ ప్రశ్న తరవాత అడగాల్సినవని కూడా అప్పుడే అర్థమైంది.

సీనియర్ లీడర్‌షిప్ టీమ్, టీచర్ల నోట ఎస్‌ఎల్‌టీ, అంటే హెడ్, ఇద్దరో ముగ్గురో డెప్యూటీలు, నలుగురైదుగురు అసిస్టెంట్ హెడ్లు, డబ్బు లెక్కలు చూసే బిజినెస్ మేనేజరు. ఒకరు టైమ్‌టేబుల్ వేస్తారు, ఒకరు క్రమశిక్షణ చూస్తారు, ఒకరు పరీక్షల అంకెలు పట్టుకు తిరుగుతారు. పిల్లల రక్షణ బాధ్యత చూసే మనిషి ఈ టీమ్‌లోని వాళ్లే అయి ఉండాలని ప్రభుత్వ నియమం. ప్రత్యేక అవసరాలున్న పిల్లల బాధ్యత చూసే సెన్కో కూడా టీమ్‌లో ఉంటే మంచిదని 2015 నాటి మార్గదర్శకాలు చెబుతాయి, కానీ తప్పనిసరి కాదు. ఉన్నారా లేదా అన్నది చూస్తే ఆ స్కూలు గురించి సగం సంగతి తెలిసిపోతుంది.

ఇక విలువలు. ప్రతి స్కూలుకీ ఓ మూడుంటాయి. గౌరవం, పట్టుదల, దయ, ఇలాంటివి. రిసెప్షన్ గోడ మీద పెద్దక్షరాలతో ఉంటాయి, హెడ్ ప్రసంగంలో వినిపిస్తాయి. వీటితో పేచీ ఎవరికి? "మా స్కూల్లో దయకి చోటు లేదు" అని ఎవరూ రాసుకోరు. దేశం మొత్తానికి రాసి పెట్టినవీ ఉన్నాయి. 1995లో నోలన్ కమిటీ ప్రజా జీవితంలో ఉన్నవాళ్లందరికీ చెప్పిన ఏడు సూత్రాలు, నిస్వార్థం, జవాబుదారీతనం వగైరా, 2020 నాటి హెడ్ టీచర్ల ప్రమాణాల్లో మొట్టమొదటే కనిపిస్తాయి. 2014 నుంచి బ్రిటిష్ విలువలు బోధించడం అదనం. కాబట్టి గోడ చూసి స్కూలుని స్కూలుని వేరు చెయ్యలేం. తేడా తెలిసేది టైమ్‌టేబుల్ చూసినప్పుడు.

ఎలాగో చెబుతాను. ఇక్కడ ఒక్కో సబ్జెక్టుకి పిల్లల్ని చదువుని బట్టి సెట్లుగా విడగొడతారు, అన్నిటికంటే కిందిది అడుగు సెట్. మా స్కూల్లో డెప్యూటీ హెడ్ పోస్టుకి ఇంటర్వ్యూలు జరిగాయి. ప్యానెల్లో నేనొకణ్ణి. ఇద్దరు చివరి దాకా వచ్చారు. మొదటాయన స్లైడ్లు చూస్తే నాకు మా ఆఫీసు గుర్తొచ్చింది. బాణాలన్నీ పైకే. ఇద్దరినీ ఒకే ప్రశ్న అడిగాం: "మీకు వారానికి పది పీరియడ్లు పాఠం ఉంటుంది. ఏ క్లాసు తీసుకుంటారు?" ఆయన తడుముకోకుండా ఎ-లెవెల్ ఫర్దర్ మ్యాథ్స్, అంటే పై తరగతుల్లో లెక్కల్లో ఆరితేరిన పిల్లల క్లాసు, అన్నారు. రెండో ఆవిడ ముందున్న కాగితాలు వెనక్కి తిప్పి, "ఇయర్ 9 అడుగు సెట్‌కి పోయినేడు తాత్కాలిక సప్లై టీచర్లు నలుగురు మారారని మీరిచ్చిన దాంట్లోనే ఉంది. అది నాకివ్వండి. శుక్రవారం ఆఖరి పీరియడ్ కూడా దానికే పెట్టండి, ఆ టైములో ఆ క్లాసుకి కొత్త టీచర్ని పంపడం పాపం" అన్నారు.

ఆవిడకే ఇచ్చాం. ఆ ఒక్క జవాబుకే కాదు గానీ, నా ఓటు మటుకు దానికే.

మరుసటేడు శుక్రవారం మధ్యాహ్నం ఏదో కమిటీ పని మీద వెళ్తే ఆ గది తలుపు తీసి ఉంది. ఇరవై మంది పిల్లలు, చేతుల్లో చిన్న వైట్‌బోర్డులు. ఒక కుర్రాడు ఎనిమిదింట మూడు వంతులని రాసి, తప్పనుకుని బ్లేజర్ చేతితో తుడిచేశాడు. "తుడిచిందే కరెక్టు నాన్నా, మళ్లీ రాయి" అన్న ధోరణిలో ఆవిడ ఏదో అన్నారు, క్లాసంతా నవ్వింది, వాడూ నవ్వాడు. అంతే నేను చూసింది. రెండేళ్ల తరవాత ఆ సెట్‌లో సగం మందికి జీసీఎస్ఈ మ్యాథ్స్‌లో 4, అంటే పాస్ గ్రేడు, రాలేదు. 4 రాకపోతే పదహారేళ్లు నిండాక ఏ కాలేజీలో చేరినా ఆ సబ్జెక్టు మళ్లీ చదవాల్సిందే. మిగతా సగానికి వచ్చింది. అంతకుముందు ఆ సెట్‌లో 4 ఎవరికొస్తుందో వేళ్ల మీద లెక్కపెట్టేవాళ్లు.

విలువ అంటే నాకు ఆ శుక్రవారం పీరియడే. ఎందుకంటే దానికి ఖర్చుంది. డెప్యూటీ హెడ్ ఆ గంట అక్కడ ఉంటే ఇంకో చోట ఉండరు. మంచి టీచర్ని అడుగు సెట్‌కి పంపితే పై సెట్ తల్లిదండ్రులు, అంటే మనలాంటి వాళ్లం, ఈమెయిళ్లు పెడతాం. నేనూ ఒకటి పెట్టాను, గవర్నర్ కాకముందు. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

ఎక్కణ్ణుంచి వచ్చారు, అంతకుముందు ఏం చేశారు అన్నదానికీ విలువలకీ సంబంధం ఉందా? 2016లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో అలెక్స్ హిల్ బృందం రాసిన వ్యాసం ఒకటి ఉంది. బ్రిటన్ అకాడమీల్లో, అంటే కౌన్సిల్ చేతిలో కాకుండా ప్రభుత్వ నిధులతో విడిగా నడిచే స్కూళ్లలో, 411 మంది నాయకుల్ని గమనించి వాళ్లని అయిదు రకాలుగా విడగొట్టారు. సర్జన్లు, సైనికులు, అకౌంటెంట్లు, తత్వవేత్తలు, ఆర్కిటెక్టులు. ఒక్కో రకం ఒక్కో సబ్జెక్టు నుంచి వస్తారట. అకౌంటెంట్లు మ్యాథ్స్ నుంచి, తత్వవేత్తలు ఇంగ్లిషు, భాషల నుంచి, అలా. జాతకం చెప్పినట్టుందని నాకనిపించింది. నాకు తెలిసిన అందరికంటే లెక్కగా ఉండే హెడ్ డ్రామా టీచరు. కానీ సర్జన్ల గురించి వాళ్లు చెప్పింది మాత్రం కొట్టిపారేయలేం. వీళ్లు రాగానే పరీక్షలు రాసే ఇయర్ 11 మీదే దృష్టంతా పెడతారు, మంచి టీచర్లని అటు లాగుతారు, పనికిరాదనుకున్నది కోసేస్తారు. ఫలితాలు ఒకటి రెండేళ్లలో ఎగబాకుతాయి, చప్పట్లు మోగుతాయి, వాళ్లు ఇంకా పెద్ద పదవికి వెళ్తారు. వాళ్లు వెళ్లాక ఫలితాలు వచ్చిన దారినే పోతాయి. చిన్న తరగతుల్ని ఎవరూ పట్టించుకోలేదు కదా. అసలు స్కూలుని నిలబెట్టింది ఆర్కిటెక్టులట. నెమ్మదిగా, కింది నుంచి కట్టుకొస్తారు, మొదట్లో అంకెల్లో ఏమీ కనిపించదు.

ఆ సర్జన్లని తయారుచేసేది ఎవరు? మన వాట్సాప్ గ్రూపే. ఏడాది అంకె చూసి స్కూలు ఎంచుకునే తల్లిదండ్రులున్నంత కాలం ఏడాది అంకె పెంచే హెడ్‌కే గిరాకీ. ఆ అంకె పెరగడానికి అడ్డదారులూ ఉన్నాయి. ఇయర్ 11 జనవరిలో ప్రభుత్వం తీసే పిల్లల లెక్క, సెన్సస్, నాటికి రిజిస్టర్‌లో ఉన్న పిల్లలే స్కూలు లెక్కలోకి వస్తారు. ఆ లోగా కొందరు పిల్లల తల్లిదండ్రులకి "ఇంట్లో చదివించుకుంటే మీ అబ్బాయికే మంచిదేమో" అని మెల్లగా చెబితే? దీన్ని ఆఫ్-రోలింగ్ అంటారు. స్కూళ్లని తనిఖీ చేసే ఆఫ్‌స్టెడ్ కూడా ఆ మాటే వాడుతుంది. పిల్లాణ్ణి శాశ్వతంగా తీసేసే అధికారం చట్టప్రకారం ఒక్క హెడ్‌కే ఉంది, దాన్ని గవర్నర్లు సమీక్షించే దారీ ఉంది. మెల్లగా చెప్పిన మాటకి కాగితమే ఉండదు, ఏం సమీక్షిస్తాం?

ఇంకో రకం నేపథ్యం గురించి కూడా రాయాలి, ఇక్కడ నాకే నాతో పూర్తిగా పొత్తు కుదరదు. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ నిధులతో నడిచే స్కూళ్ల హెడ్లలో పదింట తొమ్మిది మందికి పైగా తెల్ల బ్రిటిష్ వాళ్లు. సెకండరీ టీచర్లలో ఆడవాళ్లు మూడింట రెండు వంతుల దాకా ఉంటారు, హెడ్ కుర్చీ దగ్గరికొచ్చేసరికి సగానికి కూడా చేరరు. ఇది మారాలా? మారాలి. మనలాంటి మొహం ఒకటి ఆ ఫొటోల్లో ఉంటే పని అయిపోయినట్టేనా? నాకు నమ్మకం లేదు.

మన పేర్లతో వచ్చే తంటా మీకు తెలిసిందే. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎక్కడ పడిందో దాన్నిబట్టి పిల్లకి కొత్త నామకరణం. మాకు తెలిసిన వాళ్లమ్మాయిని ఇయర్ 7లో ఆర్నెల్లు ఇంటిపేరుతోనే పిలిచారు. ఆ పిల్ల సర్దుకుపోయింది, తల్లిదండ్రులకి చెప్పనే లేదు. పట్టుకున్నది ఒక అసిస్టెంట్ హెడ్. ఆవిడ తెలుగు కాదు, భారతీయురాలే కాదు. చిన్నప్పుడు వాళ్లమ్మకి ఇంగ్లిషు రాక, ఆస్పత్రిలో, కౌన్సిల్ ఆఫీసులో తనే దుబాసీగా నిలబడేదట. రిజిస్టర్ పిలిచినప్పుడు ఈ పిల్ల ఒక్క క్షణం ఆగి పలకడం గమనించి, పక్కకి పిలిచి అడిగింది. సాయంత్రానికల్లా సిస్టమ్‌లో పేరు మారింది. మరుసటి నెల నుంచి అడ్మిషన్ ఫారంలో "ఇంట్లో ఏమని పిలుస్తారు?" అన్న గడి వచ్చింది.

ఆ ఒక్క క్షణం ఆగడాన్ని చూడగలిగే మనిషి టీమ్‌లో ఉన్నారా అన్నదే నాకు కావలసిన నేపథ్యం. అది సీవీలో కనిపించదు. "అసెంబ్లీలో గొంతు వినబడని పిల్లల్ని మీరెలా గమనిస్తారు?" అని స్కూలు వాళ్లని అడిగితే, ఉన్నవాళ్లు ఒక ఉదాహరణ చెబుతారు, లేనివాళ్లు ఒక పాలసీ చెబుతారు.

ఒక చిక్కు కూడా చెప్పాలి. ఇప్పుడు సెకండరీ స్కూళ్లలో పదింట ఎనిమిదికి పైగా అకాడమీలే, ఎక్కువ భాగం స్కూళ్లని గుంపుగా నడిపే ఏదో ఒక ట్రస్టు కింద ఉన్నాయి. ఫొటోలో నవ్వుతున్న హెడ్‌కి టైమ్‌టేబుల్ మీదో, క్రమశిక్షణ నియమాల మీదో ఎంత స్వతంత్రం ఉందో ట్రస్టుని బట్టి ఉంటుంది. స్థానిక గవర్నర్లకి ఎంత నోరుందీ దాన్నిబట్టే. "ఈ నిర్ణయం ఇక్కడ తీసుకుంటారా, ట్రస్టులోనా?" అని అడగడం అమర్యాదేమీ కాదు. నేను అడిగినప్పుడల్లా హెడ్లు సంతోషంగానే చెప్పారు, కొందరు నిట్టూర్చి చెప్పారు.

అలాగే ఆ అవుట్‌స్టాండింగ్ మాట. ఒక్క మాటలో స్కూలు మొత్తానికి ముద్ర వెయ్యడం 2024 సెప్టెంబరులోనే ఆపేశారు. 2025 నవంబరు నుంచి తనిఖీల్లో రిపోర్టు కార్డు ఇస్తున్నారు. అందులో నాయకత్వానికీ గవర్నెన్స్‌కీ కలిపి ఒక వరుస, అందర్నీ కలుపుకుపోవడానికి విడిగా ఇంకో వరుస ఉంటాయి. ఇక ఇయర్ 6 నుంచి ఇయర్ 11 దాకా పిల్లలు ఎంత ముందుకెళ్లారో చెప్పే ప్రోగ్రెస్ 8 అంకె అంటారా, 2025, 2026 పరీక్షలకి అది లేనే లేదు. కోవిడ్ వల్ల ఆ పిల్లలు ఇయర్ 6లో ప్రభుత్వ పరీక్షలు రాయలేదు కనక పోల్చడానికి మొదటి అంకె లేదు. కాబట్టి మన గ్రూపు పండితులకి రెండేళ్లు కాస్త విశ్రాంతి.

మన వాళ్లలో గవర్నర్లయ్యేవాళ్లు ఎందుకింత తక్కువో నాకిప్పటికీ బోధపడదు. బడ్జెట్ స్ప్రెడ్‌షీట్ చూసి భయపడే జాతి కాదు మనది. చాలా స్కూళ్లలో పేరెంట్ గవర్నర్ ఖాళీకి ఒక్క పేరు వస్తే గొప్ప, పోటీ కూడా ఉండదు. జీతం లేదు, నిజమే. నెలకో రెండు సాయంత్రాలు పోతాయి. కానీ కొత్త డెప్యూటీ హెడ్‌ని ఎంచే బల్ల దగ్గర కూర్చునే అవకాశం వస్తుంది. ఏ క్లాసు తీసుకుంటారని మీరే అడగొచ్చు.

పోయిన అక్టోబరులో మా చిన్నది కోసం వేరే స్కూలు ఓపెన్ ఈవినింగ్‌కి వెళ్లాను. హెడ్ ప్రసంగం అయ్యాక చెయ్యెత్తి, మీరు ఇప్పుడు ఏ క్లాసుకైనా పాఠం చెబుతున్నారా అని అడిగాను. పక్కన కూర్చున్న తెలుగాయన మోచేత్తో పొడిచి, "ఆ గోలెందుకండీ, ట్రిపుల్ సైన్స్, మూడు సైన్సులూ విడివిడిగా, అందరికీ ఇస్తారో లేదో అడగండి" అన్నారు. హెడ్ జవాబిచ్చేలోగా పక్కనెవరో మైకు లాక్కుని స్కూలు బస్సు సంగతి ఎత్తుకున్నారు. తరవాత మమ్మల్ని ల్యాబులు చూపించడానికి తీసుకెళ్లిన ఇయర్ 8 పిల్ల మెట్ల మీద వెనక్కి తిరిగి, "మాకు సైన్స్ ఆ హెడ్ మేడమే చెప్తారు, సెట్ 5కి" అంది. ఒక్క క్షణం ఆలోచించి, "పుస్తకాలు మాత్రం ఎప్పుడూ లేటుగా దిద్ది ఇస్తారు" అని కూడా చెప్పింది.