కలలోకి వచ్చి మోడల్ నంబరు చెప్పండి

విజయనగరం

మహారాజశ్రీ మిడ్-రేంజ్ కెమెరా గారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. ఫొటో, వీడియో ఉభయమూ కుశలంగా ఉన్నవారు మీ వంశంలో నా బడ్జెట్‌కి ఇంకా తగల్లేదు గనక ఆ మాట కొట్టేశాను.

మా ఊరి సంగతి మీకు తెలీదేమో. పండగలో పూజారి గారు కొసన కూర్చుని ఊరేగే పొడవాటి మానుని సిరిమాను అంటాం. దానికి ఏ చింతచెట్టు కొట్టాలో పైడితల్లి అమ్మవారు పూజారి గారి కలలో కనబడి చెబుతుందని మా నమ్మకం. అమ్మ చెప్పాక ఇక తర్జనభర్జన లేదు, పసుపూ కుంకుమా పెట్టి చెట్టుని తెచ్చుకోవడమే. నాకూ ఆర్నెల్లుగా కలలొస్తున్నాయి. మీరే వస్తున్నారు, నలుగురైదుగురు కలిసి. ఒక్కరూ నోరు విప్పరు.

నేనడిగింది గొంతెమ్మ కోరికేం కాదు. బొమ్మ నిలబడాలి, కదలమంటే కదలాలి. చేతిలో 75 వేలున్నాయి.

కెనాన్ ఆర్50 గారిని చూశాను. బుల్లి మనిషి. 24 మెగాపిక్సెళ్లు, కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్, అంచులు కొయ్యకుండా 4కె వీడియో. ముచ్చటేసింది. తీరా అడిగితే, చెయ్యి వణికినప్పుడు కాసుకునే స్టెబిలైజేషన్ బాడీలో లేదు. సోనీ జెడ్‌వీ-ఇ10 గారు మైకుకి బొచ్చు టోపీతో సహా వస్తారు గానీ వ్యూఫైండర్ లేదు. మా మధ్యాహ్నపు ఎండలో స్క్రీన్ కనబడాలంటే నెత్తిన తువ్వాలు కప్పుకోవాలి, వెనకటి స్టూడియోల్లో నల్లగుడ్డలో దూరే ఫొటోగ్రాఫర్‌లాగ. కెనాన్ ఆర్10 గారు సెకనుకు 60 ఫ్రేముల 4కె ఇస్తారు, కాకపోతే చుట్టూ కత్తిరించి ఇస్తారు. సిరిమాను తియ్యమంటే పూజారి వస్తారు, మాను రాదు. ఇక దాదాపు అన్నీ కుదిరిన ఫుజీ ఎక్స్-ఎస్20 గారు లక్ష దాటిన చోట, అదీ లెన్సు లేకుండా, కూర్చుని ఉన్నారు. ఎప్పుడూ ఇంతే. నాకు కావాల్సింది పై మెట్టు మీద ఉంటుంది. నేను ఆ మెట్టెక్కేసరికి అది ఇంకో మెట్టెక్కుతుంది.

పెళ్లిళ్లకి ఫొటోలు తీసే మిత్రుడొకడున్నాడు. కనబడ్డప్పుడల్లా "ఏటి గురూ, ఇంకా కొన్లేదేటి?" అంటాడు. పోయిన పండక్కి జాలిపడి తన పాత కెమెరా ఇచ్చాడు. సిరిమాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది కదా, ఒకసారి ఫొటో, ఒకసారి వీడియో, మూడోది కొసరు అని లెక్కేసుకున్నాను.

మొదటిసారి ఫొటోలు బాగానే వచ్చాయి. షట్టర్ 1/1000, అంటే సెకనులో వెయ్యో వంతు సేపే తెరుచుకుంటుంది. రెండోసారి డయల్ వీడియోకి తిప్పాను, షట్టర్ సంగతి మర్చిపోయాను. జనం విసిరిన అరటిపళ్లు గాల్లో ఎగరడం మానేసి కప్పల్లా గెంతుతున్నాయి. సెకనుకు 25 ఫ్రేములైతే షట్టర్ 1/50 ఉండాలని మిత్రుడు మర్నాడు చెప్పాడు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మండపాల్లో ఎల్‌ఈడీ లైట్లు చారలు కొట్టకుండా ఉండటానికీ అదే మంచిదట. సరే, లెన్సు బార్లా తెరిచి ఆ ఎండలో 1/50 పెడితే? బొమ్మంతా పాలధారే. దానికి ఎన్‌డీ ఫిల్టర్ అనే నల్లద్దం విడిగా కొనుక్కోవాలి. ఇవేవీ మీ అట్టపెట్టె మీద రాయరు. వీడియో సెకనుకు 100 మెగాబిట్లయితే గంటకి 45 జీబీ కార్డు మింగేస్తారని కూడా రాయరు.

మూడోసారి మాను వచ్చేసరికి బ్యాటరీ అయిపోయింది. నా పక్కన పదేళ్ల గుంటడు వాళ్ల నాన్న ఫోను ఎత్తిపట్టుకుని మొదటినుంచి చివరిదాకా తీశాడు. వాళ్ల నాన్న నాకు వాట్సాప్‌లో పంపారు. బాగుంది.

దసరా వెళ్లిన మంగళవారం మళ్లీ పండగ. ఆలోపు మీలో ఎవరో ఒకరు కలలోకి వచ్చి మోడల్ నంబరు చెప్పి పుణ్యం కట్టుకోండి. వెళ్తూ వెళ్తూ మా ఆవిడ కలలో కూడా ఓసారి కనబడి, ధర మీరే చెప్పండి.

ఇట్లు,
మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర ఫోనుతో నిలబడ్డవాడు